మంచుకాలపు పితికిపప్పు: ఆనేకల్ తెలుగిళ్ల వారసత్వం

బెంగళూరుకు ఆగ్నేయంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడులోని హోసూరుకు ఆనుకుని ఉన్న ఆనేకల్ తాలూకాలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఊరూరా కనిపిస్తాయి. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న ఈ ఎర్రనేలల్లో రాగి, అనప పండించుకుంటూ, ఊళ్లో పట్టుమగ్గాలు నేసుకుంటూ బతికిన ఆ ఇళ్లలో అవ్వ నుంచి అమ్మకు, అత్త నుంచి కోడలికి అందుతూ వచ్చిన వంటలు చాలానే ఉన్నా, వాటిలో పితికిపప్పు కూరకు ఉన్న గౌరవం వేరు. పచ్చి అనపగింజలను నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్క గింజనూ నొక్కి, పైతోలు వదిలించి తీసిన పప్పును పితికిపప్పు అంటారు. చిత్తూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో ఇదే పేరుతోనూ, ఆనేకల్ కన్నడ ఇళ్లలో హితికిద బేళె అన్న పేరుతోనూ వ్యవహరించే ఈ పప్పును అల్లం, వెల్లుల్లి, ధనియాలు, కొబ్బరి నూరిన మసాలాలో ఉడికించి రాగిసంగటితో తింటారు.

ఈ వంట ఏ పుస్తకం ద్వారానూ ఈ ఇళ్లకు చేరలేదు. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో తెలుగు ప్రాంతాలు ఒకవైపు, హోసూరు మద్రాసు రాష్ట్రంవైపు, ఆనేకల్ మైసూరు రాష్ట్రంవైపు నిలిచాయి. పిల్లల చదువు కన్నడంలోనో, ఆ తరువాతి కాలంలో ఇంగ్లీషులోనో సాగింది. ఫలితంగా ఇంట్లో తెలుగు తప్ప మరో మాట మాట్లాడని అవ్వలకు, అదే తెలుగులో బదులు చెప్పే మనవరాళ్లకు కూడా తెలుగు లిపి పరిచయం లేని స్థితి చాలా కుటుంబాల్లో ఏర్పడింది. వంట వివరం రాసుకోవలసి వస్తే తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసుకుంటారు. అంటే ఇక్కడ భాషా, వంటా ఒకే తీరున బతుకుతున్నాయి: రెండింటినీ చెవితో విని, చేత్తో చేసి, ఇంటి లోపలే నేర్చుకోవాలి. ఒక తరం వంటింటికి దూరమైతే రెండూ ఒకేసారి సన్నగిల్లుతాయి. పితికిపప్పు గురించి శ్రద్ధగా రాయవలసిన అవసరం ఇక్కడే ఉంది.

చేను నుంచి చేతికి

అనప మొక్క శాస్త్రీయ నామం లాబ్లాబ్ పర్ప్యూరియస్. కోస్తా జిల్లాల పాఠకులకు అనుములుగా తెలిసిన గింజలు, పెరట్లో పందిరికి పాకే చిక్కుడు, రెండూ ఈ జాతికే చెందుతాయి. దీని అడవి రూపాలు ఆఫ్రికాలో కనిపిస్తాయి గనుక అక్కడి నుంచే ఇది భారతదేశానికి చేరిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కర్ణాటకలోని హళ్ళూరు తవ్వకాల్లో క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దికి చెందిన అనపగింజల ఆనవాళ్లు దొరికాయి. దక్కను రైతుకు ఈ గింజతో పరిచయం ఎంత పాతదో దానివల్ల తెలుస్తుంది. దేశంలో పండే అనపలో పెద్ద భాగం నేటికీ కర్ణాటకదే.

ఆనేకల్ ప్రాంతంలో అనపను విడిగా వేయడం తక్కువ. వానాకాలంలో రాగి విత్తేటప్పుడు ఎనిమిది పది రాగి సాళ్లకొక అనప సాలు వేసే పద్ధతిని కన్నడంలో అక్కడి సాలు అంటారు. వేళ్ల మీది బుడిపెలలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో అనప గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. కార్తీకం, మార్గశిరం రోజుల్లో రాగి కోతకు వచ్చి చేను ఖాళీ అయ్యాక, అప్పటిదాకా రాగి నీడలో ఒదిగి పెరిగిన అనప తీగలు విచ్చుకుని పూతకు వస్తాయి. పాత నాటు రకాలు పగటి వేళ తగ్గితే గానీ పూయవు. ఈ గుణం వల్లనే కాయ కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు కురిసే రోజులకు పరిమితమై ఉండేది, వంట కూడా ఆ రోజులకే కట్టుబడి ఉండేది.

నాటు కాయను ముట్టుకోగానే తొక్క మీద జిగురుగా ఒక నూనె తగులుతుంది, దాని ఘాటైన వాసనను ఇక్కడివారు సొగడు అంటారు. కొన్ని కొవ్వు ఆమ్లాల వల్ల వచ్చే ఈ వాసన కాయలు ఒలిచినవారి వేళ్లను సబ్బుతో కడిగినా వెంటనే వదలదు. కాయలు కొనేవారు బుట్ట దగ్గర వంగి గుప్పెడు కాయలు తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం బెంగళూరు చుట్టుపక్కల సంతల్లో సర్వసాధారణమైన దృశ్యం. బెంగళూరు దగ్గరి మాగడిలో పండే కాయకు ఉన్న పేరుకు కూడా సొగడే కారణం. మంచు ఎక్కువ పడితే సొగడు ఎక్కువ పడుతుందని రైతులు గట్టిగా నమ్ముతారు.

అనపను కన్నడంలో అవరె అంటారు; బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళ అవరె పేరుతో వరుసగా రకాలను విడుదల చేసింది. పగటి నిడివితో నిమిత్తం లేకుండా పూతకు వచ్చే ఈ పొట్టి రకాలను ఏ కాలంలోనైనా వేయవచ్చు, కాపు తొందరగా వస్తుంది, చేను ఒక్కసారిగా కోతకు అందుతుంది. రైతుకు ఇవి మేలు చేశాయనడంలో సందేహం లేదు. అయితే ఏడాది పొడుగునా దొరికే ఈ కాయల్లో సొగడు తక్కువన్న మాట వంటచేసే ప్రతి ఇంటా వినిపిస్తుంది, ఆ మాటను ముసలివారి చాదస్తమని తోసిపుచ్చడం తగదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు జరిగే వడ్డన ఋతువును బట్టి మారుతుంది. కృష్ణదేవరాయల కాలపు పాఠకుడికి కాలమే వంటలో మొదటి దినుసని వేరే చెప్పనక్కర లేదు. ఆనేకల్ ఇళ్లలో కూడా ఏ నెలలో చేయాలన్నది వంట వివరంలో భాగంగా ఉండేది. కాయ ఎల్లకాలమూ దొరకడంతో వివరంలోంచి ముందుగా రాలిపోయినది ఈ భాగమే.

పితికే పని

పితకడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. కిలో కాయలు ఒలిస్తే గింజలు అరకిలో కన్నా తక్కువే వస్తాయి. తోలు తీశాక అది మరింత తగ్గుతుంది. నలుగురున్న ఇంటికి కూర కావాలంటే రెండు మూడు కిలోల కాయలు ఒలవాలి. గింజ ఎంపిక మొదటి మెట్టు: మరీ లేత గింజ వేళ్ల మధ్య చితికిపోతుంది, ముదిరి రంగు మారిన గింజ ఎంత నానినా తోలు వదలదు, ఆకుపచ్చగా, నిండుగా, నొక్కితే కొంచెం గట్టిగా ఉన్నవాటిని ఏరి పక్కన పెట్టి, లేతవాటిని తాలింపు కూరకు, ముదిరినవాటిని ఎండబెట్టడానికి వేరు చేస్తారు. ఏరిన గింజలను రాత్రంతా నీళ్లలో నానబెడితే తెల్లవారేసరికి తోలు ఉబ్బి, లోపలి పప్పుకు అంటకుండా వదులవుతుంది. తొందరపడి వేడినీళ్లలో నానబెడితే పప్పు సగం ఉడికి రెండు బద్దలుగా విడిపోతుంది. ఎక్కువసేపు నానితే పులిసిన వాసన పడుతుంది.

పితికేటప్పుడు గింజ ఒక కొసను గట్టిగా నొక్కితే రెండో కొస దగ్గర తోలు చిట్లి పప్పు జారి బయటికి వస్తుంది, నొక్కుడు మితిమీరితే గిన్నెలో పడకుండా గోడకు తగులుతుంది. చేయి తిరిగినవారు రెండు చేతులతో రెండేసి గింజలను ఒకేసారి పితుకుతూ, కళ్లు ఎదుటివారి మీద ఉంచి మాట సాగిస్తారు. ఈ పని ఒక్కరివల్ల అయ్యేది కాదు గనుక భోజనాలయ్యాక నడింట్లో వెదురుచేట చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చునేవారు. పిల్లలకు గింజలు లెక్కపెట్టే ఆట, పెద్దలకు పెళ్లిసంబంధాల ముచ్చట, అవ్వలకు పాత కరువుల కథ, అన్నీ తెలుగులోనే నడిచేవి. తోళ్లు, కాయల తొక్కలు మరునాడు గొడ్ల కుడితిలోకి వెళ్లేవి. బడిలో అక్కరకు రాని తెలుగు ఆనేకల్ పిల్లలకు పట్టుబడిన సందర్భాల్లో ఈ చేట చుట్టూ గడిచిన రాత్రులకు పెద్ద పాలే ఉంటుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

మసాలా విషయంలో ఇంటికొక తీరు ఉంది. స్థూలంగా చెప్పాలంటే ధనియాలు, ఎండుమిరప, అల్లం, వెల్లుల్లి, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు, కొంచెం గసగసాలు, పచ్చికొబ్బరి, కొత్తిమీర కలిపి నీళ్లు చిలకరిస్తూ మెత్తగా నూరుతారు. నూనెలో ఆవాలు, కరివేపాకు, ఉల్లి వేగాక పితికిపప్పును వేసి, పచ్చివాసన పోయేదాకా రెండు మూడు నిమిషాలు మెల్లగా కలిపి, తరువాత మసాలా, వేడినీళ్లు పోస్తారు. తోలు లేని పప్పు కనుక పది పదిహేను నిమిషాల్లోనే ఉడుకుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో పెడితే ముద్దయిపోతుంది. టమాటా అయినా చింతపండు రసమైనా పప్పు మెత్తబడ్డాకే వేయాలని అవ్వలు పట్టుబట్టడానికి శాస్త్రీయమైన కారణం ఉంది: గింజ కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపు తగిలితే త్వరగా కరగదు, అందువల్ల ముందే పులుపు పడిన పప్పు ఎంత ఉడికినా బిరుసుగానే ఉంటుంది. చివర్లో గరిటెడు పప్పును గిన్నె అంచుకు మెదిపి కలిపితే కూర చిక్కబడుతుంది. కొన్ని ఇళ్లలో వంకాయ, ఆలుగడ్డ వేస్తారు, కొన్నింట నాటుకోడితోనో వేటమాంసంతోనో కలిపి వండుతారు. మిగిలిన పప్పును నూనెలో కరకరలాడేలా వేయించి ఉప్పు, కారం చల్లి డబ్బాలో దాస్తారు.

దీనికి జోడు రాగిసంగటి. రాయలసీమ ఇళ్లలో ముందు బియ్యమో నూకలో ఉడికించి అందులో రాగిపిండి పోసి కెలుకుతారు. ఆనేకల్‌లో మాత్రం కన్నడ పొరుగు అలవాటును అనుసరించి చాలా ఇళ్లు బియ్యం మానేసి, మరిగే నీళ్ల మీద పిండిని కుప్పగా పోసి, కదపకుండా ఉడకనిచ్చి, ఆ తరువాత తెడ్డుతో ఉండలు లేకుండా కెలికి ముద్దలు చేస్తాయి. సంగటిని నమలరు, కూరలో అద్ది మింగుతారు. కాబట్టి కూర చిక్కదనం ముద్దకు అంటుకునేంత ఉండాలి. ఈ జత పోషణ దృష్ట్యా కూడా చక్కనిది: పప్పుధాన్యాల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ రాగిలో మెరుగ్గా ఉంటుంది, తృణధాన్యాల్లో కొరవడే లైసిన్ అనపలో పుష్కలంగా ఉంటుంది, ఇవి రెండూ మాంసకృత్తుల నిర్మాణానికి శరీరం బయటి నుంచి పొందవలసిన అమైనో ఆమ్లాలు. 100 గ్రాముల రాగిలో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది.

ఇటలీ చెప్పే సాక్ష్యం

ఇంటివంటను జాతి సంపదగా భావించి భద్రపరచుకున్న దేశాల్లో ఇటలీని ముందు చెప్పుకోవాలి. 2025 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన యునెస్కో అంతర్‌ప్రభుత్వ సంఘం సమావేశంలో ఇటాలియన్ వంట సంప్రదాయానికి మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. మన దీపావళి కూడా ఆ సమావేశంలోనే ఆ జాబితాకెక్కింది. ఇటాలియన్ వంటకు దక్కిన గుర్తింపు వెనుక శతాబ్దానికి పైబడిన కృషి ఉంది. ఫోర్లింపోపోలిలో 1820లో పుట్టి ఫ్లోరెన్స్‌లో స్థిరపడిన పెల్లెగ్రీనో ఆర్తూసి అనే వస్త్రవ్యాపారి 1891లో సొంత ఖర్చుతో ఒక వంటపుస్తకం అచ్చువేయించాడు. మొదటి ముద్రణలో 475 వంటలుండగా, పాఠకులు, ముఖ్యంగా గృహిణులు, తమ ఇళ్ల పద్ధతులను ఉత్తరాల్లో రాసి పంపడంతో చివరి ముద్రణల నాటికి ఆ సంఖ్య 790కి చేరింది. వచ్చిన ప్రతి పద్ధతినీ ఆయన ఇంట వంటచేసే మరియెత్తా సబాతిని, ఫ్రాంచెస్కో రుఫిల్లి చేసి చూసేవారు. అప్పుడప్పుడే ఒక్కటైన దేశంలో, ఒక ప్రాంతపు మాట మరో ప్రాంతానికి అర్థంకాని రోజుల్లో, ఆ పుస్తకం ఇళ్లకు ఉమ్మడి వంటభాషను ఇచ్చింది.

తెలుగులో మాలతీ చందూర్ వంటలు-పిండివంటలు పుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, కొత్తగా కాపురం పెట్టిన ఇల్లాళ్లకు దారి చూపింది. సరిహద్దు అవతల, తెలుగు లిపి రాని తెలుగిళ్లకు మాత్రం అటువంటి పుస్తకం కూడా అందుబాటులో లేకపోయింది.

ఇటలీ చరిత్ర ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. ఉత్తర ఇటలీ పేదల తిండి పోలెంతా, చూడటానికి సంగటికి దగ్గర చుట్టం: రాగిపాత్రలో పిండిని మరిగించి, కర్రతో కెలికి, చెక్కపలక మీద కుమ్మరించి పంచుకుంటారు. పాతకాలంలో దాన్ని కొర్రలు మొదలైన చిరుధాన్యాలతో చేసేవారు. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న వచ్చాక అదే అన్నిటినీ తోసేసింది. మెక్సికో ప్రాంతపు ప్రజలు మొక్కజొన్నను సున్నపునీటిలో ఉడికించాకే రుబ్బుకుంటారు, అలా చేస్తే అందులోని నయాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. గింజ ఐరోపాకు చేరింది గానీ ఆ పద్ధతి వెంట రాలేదు. పోలెంతా తప్ప మరొకటి కొనలేని రైతుకూలీలు 18, 19 శతాబ్దాల్లో పెల్లాగ్రా అనే విటమిన్ లోపవ్యాధితో వేల సంఖ్యలో చర్మం పగిలి, మతి చలించి మరణించారు. ఆ వ్యాధే జొన్న తినే దక్కను పేదల్లోనూ కనిపించింది, దాని కారణాలపై హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960 ప్రాంతంలో చేసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధి పొందింది. దినుసు ఒక్కటే చేతులు మారి, దాన్ని వండే తీరు, పక్కన తినే జోడు వెనకబడితే ఎంత నష్టం జరగగలదో ఈ చరిత్ర వల్ల తెలుస్తుంది. ఆనేకల్ అవ్వలు సంగటిని అనప లేకుండా, కనీసం ఆకుకూరో పప్పో లేకుండా వడ్డించడానికి ఒప్పుకోకపోవడాన్ని ఈ వెలుగులో చూడాలి.

కొలతలు, కోడళ్లు

ఇంటివంట నేర్పేవారి కొలతలు శరీరంతోనూ, చుట్టూ ఉన్న వస్తువులతోనూ ముడిపడి ఉంటాయి: చిటికెడు, పిడికెడు, దోసెడు, ఉసిరికాయంత చింతపండు, వేలెడు అల్లం. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, సేరు స్థానంలో కిలో క్రమంగా నిలదొక్కుకున్నాక, పావు అన్న పాతమాట మిగిలిందే గానీ దాని వెనుక ఉన్న పాత్ర మారిపోయింది. అవ్వ చెప్పిన పావు సేరులో నాలుగో వంతు, గింజలను పోసి కొలిచేది. మనవరాలు అర్థం చేసుకున్నది పావు కిలో, తూచేది. మసాలాకు, పప్పుకు మధ్య పాళం తప్పి కూర తేడాగా వస్తే మనవరాలి చేయి మంచిది కాదని తీర్పు చెప్పే ఇళ్లు తమ కొలతపాత్రను ఒకసారి సరిచూసుకోవడం న్యాయం. రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చినప్పుడు కూడా ఇటువంటి మార్పే జరిగింది; రాయి కొబ్బరిని నలిపి పాలు పిండుతుంది, బ్లేడు తునకలు చేస్తుంది, కాబట్టి మిక్సీలో నూరినవారు మరికాస్త కొబ్బరి వేసుకోవలసి వస్తుంది.

పెళ్లిళ్లు ఈ వంటను సరిహద్దులు దాటించాయి. ఆనేకల్ తెలుగిళ్లకు హోసూరు, కుప్పం, కోలారు, మదనపల్లె వైపు నుంచి కోడళ్లు వస్తారు, ఇక్కడి ఆడపిల్లలు అటు వెళతారు. గసగసాలు వేసే ఇంటికి వేయని ఇంటి పిల్ల వచ్చినప్పుడు మొదటి ఏడాది అత్త మాట, రెండో ఏడాది ఇద్దరి మాట, ఆపైన కోడలి మాట నడవడం లోకరీతి. అందువల్ల తరతరాల వంట అంటే మార్పు లేనిదని అనుకోవడం పొరపాటు. పైగా వంశం పేరు మగవారి వెంట నడిచినా వంట ఆడవారి వెంట నడిచింది కనుక, ఒక ఇంటి పితికిపప్పు రుచికి మూలం వెదికితే ఆ ఇంటిపేరుతో ఏ సంబంధమూ లేని మరో ఊరి ముత్తవ్వ దగ్గరకు చేరడం ఎక్కువ.

ఆనేకల్ రూపురేఖలు ఇప్పుడు వేగంగా మారుతున్నాయి. జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె పారిశ్రామికవాడలు, సర్జాపుర వైపు పెరిగిన అపార్ట్‌మెంట్లు, హోసూరు రోడ్డు వెంట లేచిన లేఅవుట్లు రాగి చేలను మింగేశాయి; రాగి పోతే ఆ సాళ్ల మధ్య అనపకు చోటు ఉండదు. మరోవైపు బెంగళూరు వి.వి.పురం తిండి వీధిలో 2000లో మొదలై, 2023లో బసవనగుడి నేషనల్ కాలేజీ మైదానానికి మారిన అవరెబేళె మేళా ఏటా జనవరిలో వేలమందిని రప్పిస్తోంది, అనపగింజల దోసె నుంచి జిలేబీ దాకా అక్కడ దొరుకుతాయి. పితికిన పప్పును పొట్లాల్లో అమ్మే దుకాణాలు ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలకు నిజంగా ఉపకారం చేస్తున్నాయి, ఒకప్పుడు ఆడవారి మీదే పడిన ఆ చాకిరీ తగ్గడం సంతోషించవలసిన విషయమే. ఆ పొట్లం కొన్న ఇంట్లో చేట చుట్టూ కూర్చునే రాత్రి మాత్రం ఉండదు. దాని బదులు పిల్లలు ఇంటి తెలుగు వినే చోటు మరొకటి ఏర్పడవలసి ఉంది.

అటువంటి చోటు ఫోన్‌లో కొంత ఏర్పడుతోంది. అమెరికాలో స్థిరపడిన ఆనేకల్, హోసూరు ప్రాంతాల తెలుగు పిల్లలకు అక్కడి భారతీయ దుకాణాల ఫ్రీజర్లలో ఇదే జాతికి చెందిన, గుజరాతీలు వాడే అనపగింజలు సుర్తి పాపడి లిల్వా పేరుతో దొరుకుతాయి. లిపి రాని తెలుగులో వంట చెప్పాలంటే రాసి పంపడం కన్నా గొంతు పంపడం సులువు. గడ్డకట్టిన గింజలను మామూలు నీళ్లలో కరగనిచ్చి, తోలు ముడతపడగానే పితకాలని, వాటిలో సొగడు ఉండదు కనుక కొత్తిమీర, పచ్చిమిరప కొంచెం ఎక్కువ నూరాలని, మంచు రోజుల్లో ఊరికి వచ్చినప్పుడు నాటు కాయలతో మళ్లీ చేసి చూసుకోవాలని అవ్వలు చెప్పే ఆ మాటలను కుటుంబాలు చెరిపేయకుండా దాచుకుంటే, వంట వివరంతో పాటు ఆనేకల్ నోటి తెలుగు కూడా ఏ లిపి అవసరమూ లేకుండా భద్రంగా ఉంటుంది.